హుక్స్ ఒక్కటే మిగిలాయండీ

ఈసారి ఉత్తరం ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడి నుంచి వచ్చింది. ఏడు పేజీలు, రెండు రంగుల సిరా. మధ్యలో ఆపేసి వారం తర్వాత మళ్ళీ అందుకున్నానని రాసినావిడే ఒప్పుకున్నారు. పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు.

ఆవిడకి 36 ఏళ్ళు. పదకొండేళ్ళుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నారు. భర్త ఒక ప్రైవేటు బడిలో తెలుగు మాస్టారు. ఇద్దరు పిల్లలు, అత్తగారు. మిషను హాల్లో టీవీ పక్కన ఉంటుంది. గిరాకీకి లోటు లేదు. ఊళ్ళో తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ ఇస్తారు, సరిహద్దు దాటి పాతపట్నం నుంచి వస్తారు, గుణుపురం వైపు నుంచి రైల్లో వచ్చి ఇచ్చి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. "పని బాగుంటుందని వస్తారండీ, టైముకి ఇస్తానని మాత్రం కాదు" అని ఆవిడే రాశారు.

చెప్పిన తేదీకి ఒక్క జాకెట్టూ ఇవ్వలేకపోవడమే ఆవిడ బాధ. బట్ట తీసుకున్న రోజే కవరు మీద పేరు, తేదీ రాస్తారు. కవరు బీరువా మీదకి వెళ్తుంది. రేపు పొద్దున్నే కూర్చుందాం అనుకుంటారు. పొద్దున్న వంటలు, పిల్లల బడి అయ్యాక మిషను ముందుకి వస్తారు. తుడుస్తారు, నూనె వేస్తారు, దారం రీళ్ళు రంగుల వరసలో సర్దుతారు, ఫోన్లో మెడ డిజైన్లు చూస్తారు. ఇంతలో మధ్యాహ్నం. సాయంత్రం కస్టమరు ఫోను. "అయిపోయిందండీ, హుక్స్ ఒక్కటే మిగిలాయి." అప్పటికి కవరు విప్పనైనా విప్పి ఉండరు. రాత్రి పదకొండుకి కూర్చుని రెండింటి దాకా కుట్టి, మండుతున్న కళ్ళతో మర్నాడు ఇస్తారు.

పోయిన మాఘంలో పాతపట్నం పెళ్ళికూతురి జాకెట్టుకి ఆటోలో వెళ్తూ హుక్స్ కుట్టారట. ఆ ఒక్కసారి మాత్రం నిజంగానే హుక్సే మిగిలాయి. మొన్న ఒడియావాళ్ళ రజో పండక్కి పది రోజుల్లో ఇస్తానని 14 జాకెట్లు ఒప్పుకుని తొమ్మిది ఇచ్చారు. మిగతా ఐదుగురిలో ఒకావిడ వాకిట్లో నిలబడి నలుగురూ వినేలా నాలుగు మాటలు అని బట్ట పట్టుకుపోయారు.

టైమ్‌టేబుల్ నాలుగుసార్లు వేశారు. డైరీ కొన్నారు. నాలుగున్నరకి అలారం పెట్టుకుని మూడు రోజులు లేచారు. భర్త మంచివారే గాని దెప్పుతారు. "ఈ ఊళ్ళోనే గిడుగు వారు ఉద్యోగం చేసుకుంటూ సవర భాషకి వ్యాకరణం రాశారు, నీకు ఒక జాకెట్టు అవదా" అంటారట. చివర్లో ఆవిడ అడిగింది ఇది: "నేను బద్ధకస్తురాలినా? టైము ఎలా వాడుకోవాలో చెప్పండి. లేదంటే మిషను అమ్మేయమనండి, అమ్మేస్తాను."

అమ్మా, ముందు నా గుట్టు చెప్పేస్తాను. మీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులైంది. బల్ల మీద పెట్టుకుని, దాని చుట్టూ తిరిగి, దానికంటే తేలికైన నాలుగు ఉత్తరాలకి జవాబులు రాసేశాను. మీరు దారం రీళ్ళు సర్దుకున్నట్టే. కాబట్టి ఇవి గట్టున నిలబడి చెప్పే మాటలు కావు.

బద్ధకస్తులు రాత్రి రెండింటి దాకా మిషను తొక్కరు. ఆ మాట మీ మీద ఎవరు వేశారో గాని తీసి పక్కన పడేయండి. మీరు పని మానడం లేదు. రోజంతా ఏదో ఒకటి చేస్తూనే ఉన్నారు. చేయాల్సిన ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి ఏదన్నదే ప్రశ్న.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాక, ఐదో పేజీలో అడుగున ఒక వాక్యం దగ్గర ఆగాను. "రెండేళ్ళ కిందట ఒకావిడ కంచిపట్టు బట్టకి రెండు చేతులూ ఒకే వైపువి కత్తిరించేశాను, బరంపురం వెళ్ళి మేచింగు బట్ట కొని కుట్టి ఇచ్చాను, 900 అయింది, అది వేరే సంగతి" అని రాసి, వెంటనే టైమ్‌టేబుల్ గురించి మొదలుపెట్టారు. నాకైతే అది వేరే సంగతిలా కనిపించలేదు.

మీ రోజు మీరే రాశారు కదా, మళ్ళీ చదవండి. కుట్టు ఆగిందని ఎక్కడా లేదు. కత్తెర పెట్టాక రాత్రి మూడు గంటల్లో జాకెట్టు లేచిపోతోంది. ఆగుతున్నదల్లా కవరు బీరువా మీద నుంచి దిగి, బట్ట చాప మీద పరిచి, సుద్దతో గీత గీసి, కత్తెర పెట్టే దాకా. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. కత్తెర పెడితే పెట్టినట్టే. అదీ మన బట్ట కాదు, ఊళ్ళోవాళ్ళ పట్టుబట్ట. మిషను తుడవడంలో, రీళ్ళు సర్దడంలో, డిజైన్లు చూడడంలో పాడయ్యేది ఏదీ లేదు. అందుకే చెయ్యి అటు పోతోంది. రాత్రి పదకొండు అయ్యేసరికి కస్టమరు తిడుతుందన్న భయం కత్తెర భయాన్ని మించిపోతుంది. అప్పుడు కూర్చుంటారు.

ఇది నా ఊహ ఒక్కటే కాదు. కెనడాలో తిమొతీ పిచిల్, ఫ్యూషియా సిరోయిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి ఈ వాయిదాల సంగతే చూశారు. వాళ్ళు 2013లో రాసిన వ్యాసంలో చెప్పిందీ ఇదే. వాయిదా వేసే మనిషికి గడియారం చూడడం రాక కాదు, ఆ పని తలుచుకుంటే వచ్చే బెరుకో చిరాకో కాసేపు తప్పించుకోవడానికి వేస్తాడు. తప్పించుకున్న క్షణంలో హాయిగానే ఉంటుంది. బిల్లు సాయంత్రానికి వస్తుంది. మీ నాలుగు టైమ్‌టేబుళ్ళూ ఎందుకు నిలవలేదో దీన్నిబట్టి తెలుస్తోంది. "10 గంటలకు కటింగ్" అని రాసుకున్నంత మాత్రాన పది గంటలకి ధైర్యం రాదు కదా.

అయితే మొత్తం భయం మీదకి తోసేయడమూ తప్పే. మీ దగ్గర రెండు చిక్కులు కలిసి ఒకే ముడిలా కనిపిస్తున్నాయి. రెండోది వట్టి లెక్క.

మీరు రాసిన ప్రకారం ఇంటిపని పోను మీ చేతిలో మిగిలేది పొద్దున్న పదిన్నర నుంచి పన్నెండున్నర, మళ్ళీ మూడు నుంచి నాలుగున్నర. మూడున్నర గంటలు. లైనింగ్ జాకెట్టుకి రెండు గంటలు చాలంటారు. అమ్మా, రెండు గంటలంటే మిషను మీద పాదం ఉన్న సమయం. లైనింగ్ తడిపి ఆరేసి ఇస్త్రీ చేయడం, ఆది జాకెట్టు పరిచి కొలవడం, కటింగ్, మేచింగు దారం లేకపోతే బజారుకి పరుగు, హెమ్మింగ్, కాజాలు, హుక్స్, చివరి ఇస్త్రీ, ఇవన్నీ ఎవరి ఖాతాలోవి? నా అంచనాలో మీ జాకెట్టు మూడున్నర గంటల పని. నా మాట నమ్మొద్దు. మిషను పక్కన గోడ క్యాలెండరు మీద ఒక్క వారం పాటు, చేతిలోకి తీసుకున్న టైము, దింపిన టైము రాయండి. ఇంకేమీ మార్చకండి ఆ వారం.

అంచనా తప్పడం మీ ఒక్కరి జబ్బూ కాదు. 1994లో అచ్చయిన ఒక పరిశోధనలో కెనడా విద్యార్థులని మీ థీసిస్ ఎన్ని రోజుల్లో అవుతుందని అడిగారు. సగటున 33.9 రోజులన్నారు. అన్నీ ఎదురు తిరిగితే? 48.6 అన్నారు. పట్టింది 55.5. అనుకున్న గడువులో ముగించినవాళ్ళు పదిమందిలో ముగ్గురే. చెడుకి వేసుకున్న అంచనా కూడా చాలలేదన్నమాట. వాళ్ళకి అత్తగారి మందులూ లేవు, కుక్కరు విజిళ్ళూ లేవు.

ఇప్పుడు రజో లెక్క చూడండి. పది రోజులు, రోజుకి మూడున్నర గంటలు, జాకెట్టుకి మూడున్నర గంటలు. పది జాకెట్లు. మీరు తొమ్మిది ఇచ్చారు. అంటే మీ పగళ్ళలో పట్టేంత పని మీరు చేసేశారు. పగలు పోగొట్టుకున్న గంటలు రాత్రి నిద్రలోంచి తెచ్చి కట్టారు, అది వేరే నష్టం. కాని వాకిట్లో ఆ రభసకి కారణం వాయిదా ఒక్కటే కాదు. 14 అని నోరు జారడం.

ఎందుకు జారిందో కూడా నాకు తెలుసు. మీ ఊళ్ళో ఏడాదికి రెండు పంచాంగాలు. ఇచ్ఛాపురానికి ఇవతల, ఆంధ్రలో కుట్టే ఆవిడకి ఆషాఢంలో చేతులు ఖాళీ, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి ఊపిరాడదు, మళ్ళీ దసరా, సంక్రాంతి. మీకు వాటితోపాటు ఒడియావాళ్ళ సావిత్రి అమావాస్యా, రజో, కుమార పూర్ణిమా. ఒకరి పండగ సద్దుమణిగేలోపు ఇంకొకరి పండగ. రెండు చేతులా సంపాదన అని అందరూ అసూయపడతారు, ఊపిరి తీసుకునే నెల లేదని ఎవరికీ తోచదు. అందులోనూ మీరు కాదనలేని మనిషి. చుట్టం, పక్కింటావిడ, మాస్టారి హెడ్‌మాస్టరు గారి భార్య. ఇంతమందికి మొహం మీద కాదనడం కంటే "సరే, ఇచ్చెయ్యండి" అనడం ఆ నిమిషానికి తేలిక.

ఇక దారులు. మీరు ఒక్కటి చెప్పమన్నారు. నేను కొన్ని చెబుతాను, ఏది ఎంచుకుంటే ఏమవుతుందో కూడా చెబుతాను. ఇంట్లో ఉండేది మీరు.

కటింగ్‌ని కుట్టు నుంచి విడదీయడం ఒక దారి. వారానికి రెండు పొద్దులు కత్తెరకే. ఆ రోజు కుట్టాలన్న ఒప్పందం లేదు, వరసగా మూడు నాలుగు కత్తిరించి, చుట్టి, కవర్లో పెట్టేయడమే. మంగళవారం కొత్తబట్టకి కత్తెర పెట్టకూడదని అత్తగారంటే సోమవారం, గురువారం పెట్టుకోండి, ఆవిడతో ఆ గొడవ ఎందుకు. తొలి జాకెట్టు ఎప్పుడూ నూలుదే తీసుకోండి. చెయ్యి కాస్త వేడెక్కాక పట్టు. పట్టుకి ముందు లైనింగ్ కత్తిరించండి. రెండు చేతులూ ఒకేలా వచ్చేయడం ఎప్పుడు జరుగుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. బట్ట చాలక, మడత వేసి కత్తిరించే వీలు లేక, మిగిలిన ముక్కల్లోంచి ఒక్కో చెయ్యి తీసినప్పుడు. లైనింగ్ చేతుల మీద సుద్దతో కుడి, ఎడమ అని రాసి, ఆ రెండింటినీ పట్టు మీద ఎదురెదురుగా పరిచి, ఒకసారి లేచి నీళ్ళు తాగి వచ్చి చూడండి. ఆ తర్వాత కత్తెర. రెండు నిమిషాల పని, 900 రూపాయల భయానికి మందు.

ఇందులో ఇబ్బంది లేకపోలేదు. మొదటి రెండు వారాలు కటింగ్ రోజున చేతికి ఏ జాకెట్టూ రాదు. పొద్దంతా ఏం చేశావని అడిగితే చూపించడానికి ముక్కలు తప్ప ఏమీ ఉండవు. దానికి సిద్ధపడాలి. కవరు వచ్చిన రోజు మాత్రం, ఎంత పనున్నా, లైనింగ్ తీసి బకెట్లో ముంచేయండి. తీగ మీద ఆరేసిన గుడ్డ బీరువా మీద కవరులా ఊరుకోదు. ఎవరో ఒకరు "ఇది తియ్యవా" అంటారు.

రెండో దారి, తీసుకునేవి తగ్గించడం. అదే గోడ క్యాలెండరు. వారానికి ఆరు గళ్ళు. ఆరు పేర్లు పడ్డాక ఏడో ఆవిడకి గడి చూపించండి. "వచ్చే బుధవారం ఖాళీ ఉందండీ" అని మీరు అనక్కర్లేదు, క్యాలెండరే అంటుంది. నోటితో కాదనలేనివాళ్ళకి గోడ చాలా సాయం చేస్తుంది. రాబడి తగ్గుతుందని భయపడకండి. ఇప్పటికే మీరు ఇస్తున్నది అంతే. తగ్గేది ఒప్పుకున్న లెక్క, ఇచ్చిన లెక్క కాదు. కాని కొందరు పోతారు. పండగ ముందు పదిహేను రోజులకే తీసుకోవడం ఆపేస్తే చుట్టాల్లో ఒకరిద్దరు ముఖం మాడ్చుకుంటారు. వాళ్ళ ముఖాలు శ్రావణం దాటేసరికి మామూలవుతాయి. పోయినవాళ్ళలో సగంమంది, బజార్లో చంక దగ్గర పట్టేస్తోందని తిరిగొస్తారు. మిగతా సగం రారు. అదీ లెక్కలో వేసుకోండి.

మీ వీధిలో ఇంటర్ అయి ఇంట్లో ఉన్న అమ్మాయి హుక్స్, హెమ్మింగ్ చేస్తానని అడిగిందని రాశారు. ఆ మాట ఎందుకు అంత తొందరగా దాటేశారు? జాకెట్టుకి ఇంతని ఇస్తే మీకు ముప్పావు గంట మిగులుతుంది. పైగా ఆ పిల్ల మూడింటికి వచ్చి కూర్చుంటుందంటే ఆ లోపు కటింగ్ అయి తీరాలి, లేకపోతే ఖాళీగా కూర్చోబెట్టి డబ్బులివ్వాలి. ఎదురుగా ఒక మనిషి ఉండడం అలారం కంటే బాగా పనిచేస్తుంది. కాకపోతే హుక్కు ఊడితే తిట్లు మీకే. మొదటి నెల ప్రతి కాజా మీరు లాగి చూసుకోవాలి. నాకైతే ఈ దారి మీద కాస్త మక్కువ ఎక్కువ, దాచుకోను.

మిషను అమ్మేయడం గురించి. కోపంలో అన్నారని కొట్టిపారేయను. బజారు షాపుల్లో కట్ చేసే మాస్టరు వేరు, కుట్టేవాళ్ళు వేరు. అక్కడ చేరితే మీ భయం ఇంకొకరి నెత్తిన పోతుంది, తేదీలు ఓనరు చూసుకుంటాడు, మీరు కుట్టి ఇంటికి రావచ్చు. కొంతమందికి అదే సుఖం. అయితే జాకెట్టుకి చేతికొచ్చేది తగ్గుతుంది, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకి ఇంట్లో ఉండరు, పదకొండేళ్ళుగా మీ చేతి పని కోసం వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి మీరు కనపడరు. ఒక పండగ సీజను, అంటే దసరా దాకా, పైవాటిలో ఏదో ఒకటి చేసి చూసి, అప్పుడూ కత్తెర చూస్తే గుండె దడ వస్తుంటే ఆలోచించండి. అప్పుడు కూడా మిషను అమ్మకండి, షాపులో చేరి చూడండి. అమ్మేశాక కొనడం కష్టం.

నాలుగున్నర అలారం మానేయండి. రాత్రి రెండింటికి పడుకున్న మనిషి నాలుగున్నరకి లేచి పట్టు మీద కత్తెర పెడితే ఈసారి రెండు చేతులు కాదు, మెడ కూడా పోతుంది. ఫోను సంగతి పెద్దది కాదు. కటింగ్ రోజున మాస్టారి సంచీలో వేసి బడికి పంపేయండి, పన్నెండు లోపు వచ్చే ఫోన్లు ఆయన ఎత్తి "సాయంత్రం చేయండమ్మా" అంటారు. దెప్పే బదులు ఆ మాత్రం సాయం చేయొచ్చు.

మిషను హాల్లోంచి వెనక వరండాలోకి మారిస్తే బాగుంటుందా అని అడిగారు. వెలుతురు బాగుంటుంది, సీరియల్ గోల ఉండదు. కాని అత్తగారికి పగలంతా మాట్లాడే మనిషి పోతుంది. కటింగ్ రెండు పొద్దులు వరండాలో చాప వేసుకుని, కుట్టు హాల్లోనే ఉంచితే ఇద్దరికీ సరిపోతుందేమో చూడండి.

ఇక గిడుగు వారు. మాస్టారికి ఈ పేరా చదివి వినిపించండి. పర్లాకిమిడి బడిలో పాఠాలు చెబుతూ ఆయన సవర నేర్చుకున్న మాట నిజమే. ఆయన 1863లో పుట్టారు. సవర భాష మీద ఇంగ్లీషులో ఆయన రాసిన పుస్తకం వెలువడింది 1931లో. అంటే 68 ఏళ్ళ వయసులో. దశాబ్దాల తరబడి వింటూ, రాసుకుంటూ, దిద్దుకుంటూ చేసిన పని అది. రేపు మా అమ్మాయి పెళ్ళి, వ్యాకరణం ఇంకా అవలేదా అని ఆయనకెవరూ ఫోను చేయలేదు. ఆయన చొక్కా ఆయనే ఉతుక్కున్నారో లేదో కూడా ఎవరూ రాసిపెట్టలేదు. పోలిక తేవాలనుకుంటే మాస్టారు ఒక పని చేయవచ్చు. పొద్దున్న పిల్లల టిఫిను డబ్బాలు ఆయన కట్టి, మీ పదిన్నరని తొమ్మిదిన్నరకి జరపవచ్చు. వారానికి ఆరు గంటలు. దాదాపు రెండు జాకెట్లు.

ఇప్పుడు ఆషాఢం. ఒక పంచాంగమైనా కాస్త నెమ్మదించిన నెల. టైము రాసుకునే వారం మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి అదను మీ ఊళ్ళో దొరకదు.

ఒక్కటి మాత్రం అన్నిటికంటే ముందు. పాతపట్నం ఆవిడది ఆకుపచ్చ పట్టుబట్ట మే నెల నుంచి బీరువా మీదే ఉందని, ఆవిడ నంబరు చూస్తే ఫోను తిరగేసి పెడుతున్నానని రాశారు. ఆవిడకి మీరే ఫోను చేయండి, ఆవిడ చేసేదాకా ఆగొద్దు. కొత్త తేదీ చెప్పండి, మీ లెక్క ప్రకారం వచ్చినదానికి ఇంకో నాలుగు రోజులు కలిపి. ఆవిడ ఒక మాట అంటుంది, పడండి. బట్ట వెనక్కి కావాలంటే ఇచ్చేయండి. హుక్స్ ఊసు మాత్రం ఎత్తకండి. "ఇంకా కత్తెర పెట్టలేదమ్మా" అనండి.